కీలుబొమ్మకు క్రొత్త రూపు

తెలుగులో ‘కీలుబొమ్మ’ అన్న మాటకు రెండు అర్థాలున్నవి. కాళ్ళూ చేతులూ కదిలేటట్లు కీళ్ళతో అమర్చిన బొమ్మ అన్నది మొదటి అర్థం. స్వంత ఆలోచన లేక ఇతరులు ఆడించినట్లు ఆడే మనిషి అన్నది రెండవ అర్థం. ఉర్దూలోని ‘కఠ్‌పుత్లీ’ అన్న మాట సైతం సరిగా ఈ రెండర్థాలనే మోస్తున్నది. రెండు భాషలవారూ ఒకే వస్తువును చూచి ఒకే ఉపమానానికి వచ్చారన్నమాట. ఈ వ్యాసంలో చెప్పదలచినది మొదటి అర్థంలోని కీలుబొమ్మను గురించి. బజారులో కొన్న బొమ్మను ఇంట దొరికే చిన్న పనిముట్లతో మార్చి, దానికి మనకు కావలసిన రూపు నిచ్చే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయుట దీని ఉద్దేశం. అయితే ఈ విద్య అలవడినవారు రెండవ అర్థంలోని కీలుబొమ్మలు కాకుండుటకు కూడ అది కొంత తోడ్పడుతుందని నా నమ్మకం.

పుట్టుపూర్వోత్తరాలు

నేడు దుకాణాలలో ‘యాక్షన్ ఫిగర్’ అన్న పేరుతో అమ్ముతున్న బొమ్మలకు ఆ పేరు వచ్చినది 1964లో. ఆ సంవత్సరం అమెరికాలో హాస్‌బ్రో సంస్థ ‘జి.ఐ. జో’ అనే సైనికుని బొమ్మను విడుదల చేసింది. అది ఇంచుమించు పన్నెండంగుళాల ఎత్తు కలిగి, మోచేయి, మోకాలు, మెడ మొదలైన చోట్ల కీళ్ళతో కదిలేది. మగపిల్లలు ‘గుడియా’తో ఆడుకొనుటకు సిగ్గుపడతారన్న శంకతో వ్యాపారులు దానికి ‘బొమ్మ’ అన్న పేరు పెట్టక ఈ క్రొత్త పేరు పెట్టారు. వస్తువు ఒకటే, పేరు మారింది, బిడియం పోయింది. మాటకు గల శక్తి ఎంతటిదో భాషా విద్యార్థులు ఇక్కడ గమనింతురు గాక!

1978లో కెన్నర్ సంస్థ ‘స్టార్ వార్స్’ చలనచిత్రంలోని పాత్రలను సుమారు మూడు ముప్పాతిక అంగుళాల పరిమాణంలో విడుదల చేసిన తరువాత చిన్న బొమ్మలు ప్రచారంలోకి వచ్చాయి. 1982లో జి.ఐ. జో కూడ మూడు ముప్పాతిక అంగుళాలకు తగ్గింది. ఆ యేడే మాటెల్ సంస్థ ‘హీ-మాన్’ బొమ్మలను తెచ్చింది. మన దేశంలో మద్రాసుకు చెందిన ఎం.ఆర్.ఎఫ్. సంస్థ హాస్‌బ్రోతో కలిసి 1987లో స్థాపించిన ఫన్‌స్కూల్ ఈ సైనికుల బొమ్మలను ఇక్కడనే తయారు చేసింది. అమెరికా బొమ్మకు వాడిన అచ్చులనే వాడినా, ఫన్‌స్కూల్ బొమ్మలు కొన్నింటికి రంగులు మాత్రం వేరు. అక్కడ ఆకుపచ్చ దుస్తులు తొడిగిన సైనికుడు ఇక్కడ పసుపు దుస్తులతో కనబడవచ్చును. ఈ తేడా వల్లనే నేడు దేశదేశాల సేకర్తలు వాటిని కోరి కొంటున్నారు. దీనినుండి మనకు మొదటి పాఠం లభిస్తున్నది. అచ్చు మారకపోయినా రంగు మారితే చాలు, చూచేవారికి అది వేరొక బొమ్మ.

ఎవరి బొమ్మ?

పద్ధతిలోనికి పోయేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. బొమ్మను మార్చవలసిన అవసరమేమి?

ఆలమూరు సంతలోగాని, రావులపాలెం బజారులోగాని ప్లాస్టిక్ బొమ్మల దుకాణం ముందు నిలబడి చూడండి. తుపాకి పట్టిన సైనికుడు, ముసుగు వేసిన వీరుడు, రెక్కల మనిషి కనబడతారు. కొబ్బరిచెట్టెక్కే దింపు కార్మికుడు కనబడడు. కాయ ఒలిచే మనిషి లేడు. వరినాట్లు వేసే తల్లి లేదు. గౌతమిలో నావ నడిపేవాడు లేడు. కడియం తోటల్లో మొక్కలకు అంట్లు కట్టేవారు లేరు. ముసుగు కప్పుకొని కళాశాలకు నడిచివచ్చే అమ్మాయి బొమ్మ ఎక్కడా లేదు. పిల్లవాని మనస్సులో ‘వీరుడు’ అన్న మాటకు ఏ రూపం ఏర్పడుతున్నదో ఆలోచింపదగిన విషయం. తన తండ్రి చేసే పనికి బొమ్మ రూపం లేదంటే ఆ పని గొప్పది కాదని పిల్లవాడు అనుకొంటే తప్పు వానిది కాదు.

మన పాత బొమ్మలు ఇట్లా లేవు. నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలోని కొండపల్లి కళాకారులు దశావతారాలను, అంబారీ ఏనుగును చేసిన చేతులతోనే తాటిచెట్టును, దాని నెక్కే గీత కార్మికుని, పల్లెటూరి మనుషులను కూడ చేశారు. సంక్రాంతి బొమ్మల కొలువులో దేవుని ప్రక్కనే కష్టజీవికి కూడ ఒక మెట్టు మీద చోటు దొరికింది. ఆ సంప్రదాయమే మనకు మార్గదర్శకం. ప్లాస్టిక్ సైనికుని కొబ్బరి దింపు కార్మికునిగా మార్చుటను ఉదాహరణగా తీసికొని పద్ధతిని వివరిస్తాను.

కొలతలు

మొదట లెక్క. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి 68 అంగుళాలు. బొమ్మ మూడు ముప్పాతిక అంగుళాలు. భాగిస్తే సుమారు 18 వస్తుంది. అనగా ఈ బొమ్మ మనిషిలో పద్దెనిమిదవ వంతు. ఇక దాని చుట్టూ చేర్చే ప్రతి వస్తువును పద్దెనిమిదితో భాగించవలసినదే. ఈ నియమం తప్పితే ఎంత పనితనం చూపినా బొమ్మ నమ్మకం కలిగించదు.

అరవై అడుగుల కొబ్బరిచెట్టు ఈ లెక్కన 40 అంగుళాలవుతుంది. అంత ఎత్తు బల్లమీద నిలువదు గనుక మొదలో కొంత భాగమే చూపుట మేలు. అడుగు మందం గల మాను అంగుళంలో మూడింట రెండు వంతులకు, అనగా బొటనవ్రేలి లావు కర్రకు దిగుతుంది. పది అంగుళాల కొబ్బరికాయ ఇంచుమించు ఒక చింతపిక్కంత. అంగుళం మందపు త్రాడుకు మిల్లీమీటరున్నర కంటె తక్కువ వస్తుంది. కొబ్బరి పీచులను కలిపి పేనితే సరిపోతుంది. రెండు మీటర్ల లుంగీకి పదకొండు సెంటీమీటర్ల గుడ్డ చాలు. అయిదున్నర మీటర్ల చీరకు ముప్పది సెంటీమీటర్లు చాలు.

శరీర ప్రమాణం విషయంలో మన శిల్పులకు తాళమానమనే పద్ధతి కలదు. ముఖం పొడవును ఒక తాళంగా తీసికొని శరీరాన్ని అన్ని తాళాలని నిర్ణయించేవారు. నవతాళం, దశతాళం అన్న పేర్లు అట్లా వచ్చినవే. సైనికుని బొమ్మకు భుజాలు మితిమీరిన వెడల్పుతో, తొడలు బలిసి ఉంటాయి. చెట్టెక్కే మనిషి ఒళ్ళు అట్లా ఉండదు. సన్నగా, నరాలు తేలి ఉంటుంది. కనుక మన పని కలుపుటతో కాక తీసివేయుటతో మొదలవుతుంది.

పనిముట్లు

చిన్న స్క్రూడ్రైవరు, కాగితాలు కోసే పదునైన చాకు, 220, 400, 600 నంబరు గరుకు కాగితాలు, గోళ్ళు గీచుకొనే ఆకురాయి, రెండు సన్నని కుంచెలు, పళ్ళు కుట్టుకొనే పుల్లలు, పాత టూత్‌బ్రష్. సామగ్రిలో ఎం-సీల్ వంటి రెండు ముద్దల జిగురు, ఫెవికాల్, ఫెవిక్విక్, నీటితో కలిపే అక్రిలిక్ రంగులు, మెరుపు లేని వార్నిషు. ఇవన్నీ రంగులు, ఇనుప సామాను అమ్మే మామూలు దుకాణాలలో దొరికేవే.

పని క్రమం

మొదటిది, శుద్ధి. అచ్చులోనుండి సులువుగా ఊడివచ్చుటకు పూసిన జిడ్డు బొమ్మపై మిగిలి ఉండవచ్చు. చేతి నూనె కూడ చేరుతుంది. గోరువెచ్చని సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఈ పని విడిచినచో తరువాత వేసే రంగు పెళ్ళలుగా లేస్తుంది.

రెండవది, విడదీయుట. 1982 నమూనా జి.ఐ. జో వీపున ఒక్క మర ఉంటుంది. దానిని విప్పితే మొండెం రెండు చిప్పలుగా విడిపోయి తల, చేతులు ఊడివస్తాయి. నడుమును, కాళ్ళను పట్టి ఉంచేది లోపలి రబ్బరు వలయం. ఏండ్లు గడిస్తే అది చీలిపోతుంది. అంతటితో బొమ్మ చచ్చిందని పారవేసే ఇళ్ళు అనేకం. సరియైన కొలతకు క్రొత్త వలయం వేస్తే అది తిరిగి లేచి నిలబడుతుంది. మర లేని బొమ్మలకు తల మెత్తని పి.వి.సి.తో చేసి ఉంటే దానిని ఒక నిమిషం వేడినీటిలో ఉంచినయెడల మెత్తబడి ఊడుతుంది. నీటిలోనుండి చిమటాతో తీయవలెను గాని వ్రేళ్ళతో తీయరాదు.

మూడవది, చెక్కుట. సైనికుని శిరస్త్రాణం, తూటాల పట్టీ, జేబులు చాకుతో కొంచెం కొంచెంగా తీసివేయాలి. చాకు ఎల్లప్పుడు శరీరానికి దూరంగా కదలాలి. ఒక్క దెబ్బకు తీయాలన్న తొందర వ్రేలికి గాయం చేస్తుంది, బొమ్మకు గుంట చేస్తుంది. తరువాత 220 కాగితంతో గీతలు పోగొట్టి 400, 600 కాగితాలతో నునుపు చేయాలి. కాగితాన్ని నీటితో తడిపి రుద్దితే దుమ్ము గాలిలోకి లేవదు. ఊపిరితిత్తులకు ఇది మేలు.

నాలుగవది, కలుపుట. ఎం-సీల్ ముద్దలు రెండింటిని సమపాళ్ళలో తీసికొని ఒకే రంగు వచ్చేదాక పిసకాలి. చేతికి ప్లాస్టిక్ తొడుగు వేసికొనుట మంచిది. అది గట్టిపడకముందే తలపాగా చుట్టు, నడుముకు కట్టిన తువ్వాలు ముడి, కత్తి పెట్టుకొనే ఒర మొదలైనవి మలచాలి. పుల్ల కొనను నీటిలో ముంచి రుద్దితే ముడతలు చక్కగా తేలుతాయి. ఒక రాత్రి కదపక ఉంచితే రాయివలె గట్టిపడుతుంది.

ఇక్కడ కొండపల్లి పనివాని తలచుకొనక తప్పదు. అతడు తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కి, వాటిని అతికించుటకును, అతుకులు పూడ్చుటకును చింతపిక్కల పొడిని, రంపపు పొట్టును కలిపి చేసిన మక్కును వాడుతాడు. మన ఎం-సీల్ చేసే పని అదే. వస్తువు మారింది, సూత్రం మారలేదు. విడి భాగాలు, వాటిని కలిపే ముద్ద, దానిపై పూత, ఆపై రంగు, ఈ క్రమం చింతపిక్కల నాటిదే.

అయిదవది, మొదటి పూత. కొండపల్లిలో రంగుకు ముందు తెల్లని పూత వేస్తారు. అది లేనిదే కర్ర రంగును పీల్చివేస్తుంది. ప్లాస్టిక్ విషయంలో కారణం విరుద్ధం. నునుపైన ప్లాస్టిక్ రంగును పట్టుకొనదు. రెండింటికి ఔషధం ఒకటే. ప్లాస్టిక్‌కు తగిన ప్రైమరును పలుచగా పూయాలి. అది ఎం-సీల్ భాగాన్ని, పాత ప్లాస్టిక్‌ను ఒకే రంగుకు తెచ్చుటచేత దాగియున్న గీతలు, గుంటలు కూడ అప్పుడే బయటపడతాయి. వాటిని మరల సవరించుకొనుటకు అదే అదను.

ఆరవది, రంగు. మెత్తని పి.వి.సి. మీద ఇంటి తలుపులకు వేసే ఎనామెల్ రంగు వేయరాదు. ఆ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచుటకు కలిపిన ద్రవ్యం రంగుతో కలిసి, నెలలు గడిచినా అంటుకొనే జిగటగా మిగిలిపోతుంది. అక్రిలిక్ రంగులకు ఈ బాధ తక్కువ. ఒక మందమైన పూత కంటె మూడు పలుచని పూతలు శ్రేష్ఠం. ఒకటి ఆరిన పిదపనే మరొకటి వేయాలి.

చర్మపు రంగు విషయంలో ఒక మాట. ‘ఒంటి రంగు’ అని సీసా మీద వ్రాసిన గులాబి రంగు మన ఒంటి రంగు కాదు. కాల్చిన ఇటుక రంగు, గోపీచందనపు పసుపు, కొంచెం తెలుపు, చుక్క నీలం కలుపుతూ మీ ముంజేతి ప్రక్కన పెట్టి పోల్చి చూడండి. ఎండలో పనిచేసేవాని భుజాలు, ముఖం ముదురుగా, లుంగీ మడత క్రింది భాగం లేతగా ఉంటాయి. తరువాత బాగా పలుచన చేసిన ముదురు రంగును పోస్తే అది పల్లాలలో నిలిచి నీడలనిస్తుంది. ఎండు కుంచెతో లేత రంగును మిట్టలపై తాకిస్తే వెలుగు వస్తుంది. కీళ్ళ లోపల రంగు వేయరాదు. అక్కడ ప్లాస్టిక్ ప్లాస్టిక్‌తో రాచుకొని రంగు పొరలు పొరలుగా లేస్తుంది. కీలు చుట్టూ వెంట్రుకవాసి అరగదీసి ఉంచితే కదలిక సుళువవుతుంది.

ఏడవది, వస్త్రం. పైన చెప్పిన లెక్క కొలతకు వర్తిస్తుంది గాని గుడ్డ మందానికి వర్తించదు. అసలు లుంగీ గుడ్డనే కత్తిరించి కట్టినచో అది బొమ్మకు తాటాకు చాపవలె బిరుసుగా నిలుస్తుంది. కనుక దొరికినంతలో పలుచని మల్లు గుడ్డనే తీసికొనవలెను. నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో దానిని తడిపి, బొమ్మకు చుట్టి, కుచ్చిళ్ళను పుల్లతో సర్ది ఆరనిస్తే గాలికి ఊగుతూ ఆగినట్లు నిలుస్తుంది. చివరగా వార్నిషు పూస్తే పని పూర్తి.

జాగ్రత్తలు

గోళ్ళ రంగు తీసే ద్రవంలో అసిటోన్ ఉంటే అది గట్టి ఎ.బి.ఎస్. ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పాత రంగు తీయుటకు దానిని వాడకండి. ఫెవిక్విక్ ఆవిరి కంటికి మంచిది కాదు. కిటికీ తెరచి పనిచేయండి. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించరాదని 2016లో భారత ప్రభుత్వం నియమం చేసింది. అయినా అటక మీది పాత డబ్బాలను ఈ పనికి వాడుట వివేకం కాదు.

అన్నింటికన్న ముఖ్యమైనది మరొకటి. మన దేశంలో 2021 జనవరి 1 నుండి అమ్మే ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు కర్మాగారం నుండి వచ్చిన బొమ్మకు హామీ. మనం చెక్కి, అతికి, రంగు వేసిన క్షణాన ఆ హామీ చెల్లదు. ఊడిపోయే కత్తి, చింతపిక్కంత కాయ పసివాని గొంతుకు ప్రాణాపాయం. కనుక మార్చిన బొమ్మ అల్మారాలో ఉండదగినదే గాని ఇంటిలోని చిన్న తమ్మునికి, చెల్లెలికి ఆటకు ఇవ్వదగినది కాదు.

నీతి విషయం కూడ ఉన్నది. బొమ్మ అచ్చు వేరొకరిది. మార్పు మనది. ప్రదర్శించునపుడు ఈ రెండింటిని విడిగా చెప్పుట మర్యాద. సంస్థ పేరు, గుర్తు తగిలించి క్రొత్త సరుకుగా అమ్ముట మోసం. అట్లే కొండపల్లి బొమ్మపై తిరిగి రంగు వేసి దానిని చెడగొట్టవద్దు. అది ఒక కుటుంబం చేతిపని. దానిని కొని ఉంచుకొనుటే దానికి మనం చేయగల గౌరవం. ఏటికొప్పాక లక్క బొమ్మలకును ఇదే వర్తిస్తుంది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణె పట్టి చేసే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గుర్తింపు నిలువవలెనన్నచో కొనేవారుండాలి. మనం మార్పు చేయవలసినది మూల పడిన ప్లాస్టిక్ బొమ్మలకే.

కళాశాలకు ఒక మనవి

ఇది పిల్లల ఆట, కళాశాల విద్యార్థులకెందుకు అని కమిటీ పెద్దలు అడుగవచ్చును. ఈ ఒక్క బొమ్మలో పద్దెనిమిదవ వంతు లెక్క గణితం. ప్లాస్టిక్, ద్రావకాల సంబంధం రసాయనశాస్త్రం. తాళమానం శిల్పశాస్త్రం. దింపు కార్మికుడు ఏ కాలికి త్రాడు ఎట్లా వేస్తాడో, కత్తి ఎటు దోపుకొంటాడో, గెలను ఎట్లా దింపుతాడో తెలిసికొనుటకు ఆయన వద్దకు పోయి వినయంగా అడిగి తెలిసికొనుట సాంఘికశాస్త్రం. చివరిది పుస్తకంలో దొరకనిది. చెట్టెక్కేవారు నానాటికి తగ్గుతున్న ఈ రోజులలో ఆ వివరాలు వ్రాసి ఉంచుకొనుట భాషకు కూడ సేవయే. ప్రతి వృత్తికి దాని పదజాలం ఉన్నది. చేసేవాడు పోతే పదం పోతుంది.

ఉర్దూలో చేతిపనిని ‘దస్త్‌కారీ’ అంటారు. ‘దస్త్’ అనగా చేయి. మన రెండు భాషల పెద్దలును చేతిని తలకంటె తక్కువగా ఎంచలేదు. చదువుకొన్నవాడు చేతితో పనిచేయరాదన్న భావం మధ్యలో వచ్చినది. దానిని వదలించుకొనుటకు పెద్ద ఖర్చు లేదు. కళాశాలలో ఒక బల్ల, తాళం వేసే ఒక అల్మారా, నెలకు రెండు సాయంకాలాలు చాలును. విద్యార్థినీ విద్యార్థులు తమ ఇండ్ల మూలల్లో విరిగి పడియున్న బొమ్మలను తెచ్చి, ఒక్కొక్కరు తమ ఇంటి పెద్దల వృత్తిని ఎన్నుకొని బొమ్మగా మలచి, ప్రక్కన ఒక చీటీ మీద తెలుగులోను, ఉర్దూలోను ఆ పని పేరు, పనిముట్ల పేర్లు వ్రాయాలి. వార్షికోత్సవం నాడు వాటిని ఒక బల్లమీద వరుసగా నిలబెట్టి, ఆ పెద్దలనే పిలిచి చూపుదము. కొలతలో గాని, కట్టులో గాని పొరపాటుంటే దిద్దగలవారు వారే.